పెన్ను మొండికేస్తే పిల్లల్ని తిట్టకండి



ఇంట్లో అయిదో క్లాసో ఆరో క్లాసో చదివే పిల్లలుంటే ఇంకు పెన్ను గొడవ మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. చేతిరాత కుదురుతుందని కొన్ని బళ్ళలో ఇప్పటికీ ఇంకు పెన్నుతోనే రాయమంటారు. ఎలాగూ పారేసుకుంటారని మనం చవకలో వచ్చేదే కొనిపెడతాం. అది మొదటి రెండు మాటలు చిక్కగా రాస్తుంది. మూడో మాటకి వెలిసిపోతుంది. నాలుగో మాటకి గీరుకుంటుంది. విదిలిస్తే బొట్టు పడుతుంది. సాయంత్రం నోటుబుక్కు తెరిచి "ఇదా రాత?" అని వాడి వీపు విమానం మోత మోగిస్తాం. తప్పు వాడిది కాకపోవచ్చు సుమండీ. చాలాసార్లు పెన్నులో గాలి దారి మూసుకుపోవడమే దీనికంతటికీ కారణం.

గాలేమిటి అంటారా? నూనె డబ్బాకి ఒక్కటే చిల్లు పెట్టి వంచి చూడండి. గుడగుడమని కాసేపు పడుతుంది, కాసేపు ఆగుతుంది, మళ్ళీ ఒక్కసారిగా పడుతుంది. ఎదురుగా రెండో చిల్లు పెట్టామంటే సన్నటి ధార ఆగకుండా వస్తుంది. నూనె ఖాళీ చేసిన చోటులోకి గాలి పోవాలి గదా! పెన్నూ అంతే. పాళీ కింద నల్లగా నాలుకలాంటిది వుంటుంది చూశారూ, దాని మీద సన్నటి గాడి వుంటుంది. అక్కడే సిరా కిందికి దిగాలి, గాలి పైకి వెళ్ళాలి. అమెరికాలో వాటర్‌మన్ అనే ఆయన 1884లో పేటెంటు తీసుకున్నది ఇలాంటి గాడుల ఏర్పాటుకే. నాలుక అడుగున దువ్వెన పళ్ళలా వుండేవి అందానికని అనుకోకండి. ఎక్కువగా దిగిన సిరాని అవే పట్టి వుంచుతాయి.

ముందు జబ్బు ఎక్కడుందో చూడాలి. పాళీని సిరాబుడ్డిలో ముంచి నాలుగు పంక్తులు రాయండి. మొదట బాగా రాసి, తరవాత పలచబడితే పాళీ బాగానే వున్నట్టు. పైనుంచి సిరా దిగడం లేదన్నమాట. ముంచినా గీరుకుంటుంటే అప్పుడు పాళీ సంగతి చూద్దాం.

సిరా దిగకపోతే మొదటి మందు నీళ్ళు. మిగిలిన సిరా పారబోసెయ్యండి. తిరిగి బుడ్డిలో పోశారో, ఆ మడ్డి అంతా మంచి సిరాలో కలుస్తుంది. పాళీ వున్న ముక్కని గ్లాసుడు నీళ్ళలో రాత్రంతా వుంచితే తెల్లారేసరికి నీళ్ళు నీలంగా తిరిగి వుంటాయి. వేన్నీళ్ళు మాత్రం వద్దు, చవక ప్లాస్టిక్ వంకర పోతుంది. కుళాయి కింద తేటనీరు వచ్చేదాకా కడిగి, పాత పంచె గుడ్డ మీద ఆరబెట్టండి. కొత్త పెన్నుకయితే ఆ గ్లాసులో గిన్నెలు తోమే సబ్బునీటి చుక్క ఒకటి వేసి, తరవాత బాగా జాడించాలి. తయారీలో అంటిన జిడ్డు గాడిలో వుండిపోతే సిరా దాని మీద నిలవదు. కొత్తదాన్ని కడగడమేమిటని మా ఇంట్లో నవ్వారు. కొత్త గిన్నెని కడక్కుండా పొయ్యెక్కిస్తామా?

పాత రోజుల్లో నాలుకలు ఎబొనైటువి వుండేవి. ఎబొనైటు అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. రాజమండ్రిలో 1932లో మొదలైన రత్నం పెన్నులు ఈ ఎబొనైటుకి పేరుపడ్డవే. దానికి సిరా చక్కగా అంటుకుంటుంది. ప్లాస్టిక్ నాలుకకి ఆ గుణం తక్కువ, కాస్త వాడకం పడాలి.

ఇక పాళీ. మధ్య చీలిక నాలుక మీది గాడికి సరిగ్గా ఎదురుగా వుండాలి. పెన్ను కింద పడితే పాళీ పక్కకి జరుగుతుంది. గుడ్డతో పాళీనీ నాలుకనీ కలిపి పట్టుకుని, తిప్పకుండా తిన్నగా లాగి, సరిచూసి మళ్ళీ నొక్కండి. రెండింటి మధ్య వెలుతురు కనిపించకూడదు. చీలికలో కాగితం పీచు ఇరుక్కుంటే పలచటి ప్లాస్టిక్ రేకు ముక్కతో నెమ్మదిగా తీయండి. బ్లేడు పెడతారు కొందరు. అది లోపలి అంచుల్ని గీసేస్తుంది, ఇక ఆ పాళీ బాగుపడదు. బాల్ పెన్ను అలవాటున్న పిల్లలు నొక్కి రాస్తారు. మొనలు విడిపోతే వాటి మధ్య సిరా నిలవదు.

మాకు తెలిసిన ఒక కుర్రాడి సంగతి వేరు. పేజీ పైసగం ముత్యాల్లా రాస్తాడు, కిందిసగం అక్షరాలు తెగిపోతాయి. బద్ధకమని బళ్ళో రోజూ దెబ్బలే. నాలుగు పెన్నులు మార్చారు పాపం. తలకి నూనె రాసుకున్న చెయ్యి పేజీ మీద ఆనుతూ కిందికి జారుతోంది, జిడ్డు కాగితం సిరా పట్టడం లేదు! చేతి కింద మడిచిన కాగితం పెట్టమన్నాను. ఆ పూటతో తీరింది.

ఫిల్లరుతో గొట్టంలోకి సిరా పోసే పెన్ను కక్కుతుంటే, తరచుగా అది నిండి కాదు, ఖాళీ అయి కక్కుతుంది. చేతి వేడికి లోపలి గాలి వుబ్బి సిరాని తోస్తుంది. మూడోవంతుకి దిగగానే మళ్ళీ నింపెయ్యండి. మర దగ్గర కారితే తేనెమైనం పలచగా రాయండి. పొద్దున పూట మాత్రమే మొరాయిస్తే మూత చూడండి, పగులు వుంటే రాత్రికి రాత్రి పాళీ ఎండిపోతుంది. రెండు కంపెనీల సిరాలు కలపకండి. బొమ్మలు గీసే చిక్కటి నల్లసిరా అసలు పొయ్యకండి, లోపల లక్కలా గట్టిపడుతుంది.

పరీక్షకి ఇంకు పెన్నే తీసుకువెళ్ళే పిల్లలయితే ముందురోజు రాత్రి కడగొద్దు. లోపల తడి మిగిలితే రాత వెలిసినట్టు వస్తుంది. మూడు రోజుల ముందే కడిగి, ఆరబెట్టి, నింపి, రోజుకో పేజీ రాయించండి. పొద్దున సిరా నిండా వుందో లేదో మీరే చూసి పంపండి. పెట్టెలో అలవాటైన రెండో పెన్నూ, ఓ అద్దుడు కాగితం ముక్కా వెయ్యడం మరిచిపోకండి.