పాత బోటు వైరింగ్: లోపం దాగేది అతుకుల్లోనే

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరబోట్లతో చేపల వేట నిషిద్ధం కాబట్టి, విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం వంటి రేవుల్లో బోట్ల మరమ్మతులకు అదే అదను. కొన్నేళ్లు సముద్రంలో తిరిగిన బోటును కొన్నవారు చెక్క పుచ్చిందేమోనని, ఇంజిన్ అరిగిందేమోనని ముందుగా పరీక్షించడం సహజమే గాని, పలకల వెనుక కనబడకుండా సాగిపోయే విద్యుత్ తీగలకూ అంతే శ్రద్ధ దక్కాలి. రాత్రివేళ ఇతర నౌకలకు బోటు ఉనికిని తెలిపే దీపాలు, వైర్‌లెస్ సెట్టు, జీపీఎస్, అడుగున చేరిన నీటిని తోడే పంపు, చివరకు ఇంజిన్‌ను తిప్పే సెల్ఫ్ మోటారు కూడా ఆ తీగల మీదే ఆధారపడతాయి.

సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. నీరు ఆరిన తరువాత మిగిలే ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది కనుక ఒకసారి తడిసిన జాయింటు పూర్తిగా ఆరదు. రాగిపై పచ్చని చిలుము పేరుకొని, సన్నని పోగుల వెంట ప్లాస్టిక్ తొడుగు లోపలికి పాకుతుంది. ఉప్పు లేని వరద నీరు చేరిన ఇంటి స్విచ్‌బోర్డు కూడా పైకి ఎండినట్టు కనిపిస్తూనే లోపల తుప్పు పడుతుంది. బోటులో దీనికి ఉప్పూ, ఇంజిన్ అదురూ తోడవుతాయి.

అందువల్ల పాత బోటులో లోపం బ్యాటరీలోనో పరికరంలోనో కంటే వాటి నడుమ ఉండే అతుకుల్లోనే తరచుగా దొరుకుతుంది. పంపు నెమ్మదించగానే కొత్త పంపు, దీపం మసకబారగానే కొత్త బ్యాటరీ కొంటే డబ్బు వృథా కావడమే గాక అసలు లోపం అలాగే మిగిలిపోతుంది. చిలుము పట్టిన అతుకు కరెంటుకు కలిగించే అడ్డంకిని నిరోధం అంటారు, దానిని ఓమ్‌లలో కొలుస్తారు. ఒక అతుకులో 0.2 ఓమ్‌ల నిరోధం ఉండి, దాని గుండా పంపుకు 10 ఆంపియర్ల కరెంటు వెళ్తుంటే, ఆ ఒక్కచోటే 2 వోల్టులు పోతాయి. ఇంట్లోని 230 వోల్టుల్లో 2 తగ్గితే ఎవరికీ తెలియదు గాని, 12 వోల్టుల బోటులో అది ఆరో వంతు. పైగా ఆ నష్టం 20 వాట్ల వేడిగా మారి అతుకును, దాని చుట్టూ ఉన్న టేపును కాలుస్తుంది.

పంపు ఆపి ఉన్నప్పుడు మల్టీమీటరుతో చూస్తే అదే తీగ చివర నిండుగా 12.6 వోల్టులు కనిపిస్తాయి, ఎందుకంటే కరెంటు ప్రవహించనిదే నిరోధం వల్ల కలిగే నష్టం బయటపడదు. ఎంతోమందిని తప్పుదారి పట్టించేది ఈ అంకే. కనుక పంపును నడుపుతూ, మీటరు ఒక మొనను బ్యాటరీ పాజిటివ్ మీద, రెండో మొనను పంపు దగ్గరి పాజిటివ్ తీగ మీద ఉంచితే, ఆ దారిలో పోతున్న వోల్టేజి నేరుగా తెలుస్తుంది. ముఖ్యమైన పరికరాలకు ఇది రానుపోను కలిపి 3 శాతానికి, అంటే 12 వోల్టుల్లో 0.36కు మించరాదని అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణం చెబుతుంది. రెండో మొనను అతుకు నుంచి అతుకుకు జరుపుతూ వెళ్తే, అంకె ఒక్కసారిగా పెరిగిన చోటే లోపం ఉంటుంది.

నెగటివ్ వైపు కూడా ఇదే పరీక్ష తప్పనిసరి. కారులో ఇనుప బాడీయే కరెంటు తిరిగివచ్చే దారి అవుతుంది గాని, చెక్క, ఫైబర్ బోట్లలో అటువంటి దారి లేదు కాబట్టి ప్రతి పరికరానికీ బ్యాటరీ దాకా తిరుగు తీగ ఉండి తీరాలి.

రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతుంటే, అన్ని స్విచ్చులూ కట్టేసి, నెగటివ్ తీగను విప్పి, ఆ తీగకూ బ్యాటరీకీ మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టాలి. ల్యాంపు వెలిగితే ఎక్కడో కరెంటు కారుతోందన్న మాట. ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీస్తూ పోగా ఏది తీసినప్పుడు అది ఆరిపోతుందో ఆ లైనును వెతకాలి. ఛార్జింగులో బ్యాటరీ నుంచి మండే హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక, బ్యాటరీ ఉన్న గది తలుపులు తెరిచి గాలి ఆడనిచ్చిన తరువాతే ఈ పని మొదలుపెట్టాలి. జనరేటరు నుంచి వచ్చే 230 వోల్టుల లైను మాత్రం అర్హత గల ఎలక్ట్రీషియన్ చేతిలోనే ఉండాలి.

2018 మే నెలలో దేవీపట్నం సమీపాన గోదావరిలో పాపికొండల పర్యాటక బోటు మంటల్లో చిక్కుకున్నప్పుడు షార్ట్ సర్క్యూటే కారణమని అనుమానించారు. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ చేపలరేవులో పదుల సంఖ్యలో బోట్లు కాలిన ఘటన వైరింగ్ వల్ల జరిగింది కాకపోయినా, పక్కపక్కనే కట్టిన బోట్ల మధ్య నిప్పు ఎంత వేగంగా పాకుతుందో చూపింది. వైరింగ్ నుంచి నిప్పు పుట్టకుండా చూసేది ఫ్యూజు; అది పరికరాన్ని కాక తీగను కాపాడేది కాబట్టి, దానిని బ్యాటరీకి వీలైనంత దగ్గరగా, తీగ మందానికి తగిన ఆంపియర్లతో అమర్చాలి. పదే పదే పోతోందని పెద్ద ఫ్యూజు వేయడం అపాయకరం.

మరమ్మతులో చిలుము పట్టిన భాగాన్ని మెరిసే రాగి కనబడేదాకా కోసివేసి, తగరపు పూత ఉన్న తీగ చివర లగ్గు (లోహపు కొన) నొక్కి, వేడికి బిగుసుకునే జిగురు తొడుగు వేయాలి. తీగలు మెలిపెట్టి టేపు చుట్టే పద్ధతి సముద్రంలో నిలవదు. నీరు తోడే పంపు లైనును మెయిన్ స్విచ్చుతో సంబంధం లేకుండా, సొంత ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి కలిపి, దాని అతుకులన్నీ అడుగు నీరు చేరలేనంత ఎత్తులో ఉంచాలి.