లంబసింగి దారిలో గుండు టైర్లు
స్వెట్టర్లు సర్దుకునే వారు స్టెప్నీ సంగతి చూస్తున్నారా?

నర్సీపట్నం : డిసెంబరు వచ్చిందంటే చాలు, తెల్లవారుజామున మూడు గంటలకే నర్సీపట్నం మీదుగా కార్ల వరుస మొదలవుతుంది. విశాఖ, అనకాపల్లి, తుని వైపుల నుంచి మోటారు సైకిళ్ళ మీద వచ్చే కుర్రకారు, పిల్లాపాపలతో బయలుదేరిన కుటుంబాలు - అందరిదీ ఒకటే తొందర. సూర్యుడు పైకి రాకముందే లంబసింగి చేరాలి. మంచు చూడాలి. మంకీ టోపీలు, శాలువాలు, ఫ్లాస్కులో టీ అన్నీ సర్దుకుంటారు. బండి కాళ్ళకు ఏం తొడిగామన్నది మాత్రం చాలామందికి గుర్తుండదు.

లంబసింగికి కొర్రబయలు అని మరో పేరుంది. రాత్రంతా ఆరుబయట ఉంటే తెల్లారేసరికి మనిషి కర్రలా బిగుసుకుపోతాడట! సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్ళో డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలకు దిగడం మామూలే. ఒక్కో ఏడాది సున్నా దగ్గరకూ వచ్చింది. నర్సీపట్నం నుంచి అక్కడికి దాదాపు 30 కిలోమీటర్లు. డౌనూరు దాటాక ఘాట్ రోడ్డు. ఆ కాస్త దూరంలోనే చలి మారుతుంది, రోడ్డు మారుతుంది. టైరు మాత్రం అదే.

చలికి వేరే టైరు కావాలా?

ఇటీవల చాలామందికి ఈ సందేహం వస్తోంది. అమెరికా, కెనడాల్లో ఉన్న మనవాళ్ళు చలికాలం రాగానే టైర్లు మార్పిస్తారన్న కబురు ఇక్కడి ఇళ్ళకూ చేరింది. నిజమే. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు చలికాలపు టైర్లు లేకుండా అక్కడి కార్లు రోడ్డెక్కడం నేరం. మామూలు టైరు రబ్బరు ఏడు డిగ్రీల కంటే చలి పెరిగేకొద్దీ గట్టిపడుతుంది. పట్టు తగ్గుతుంది. చలికాలపు టైరులో రబ్బరు మెత్తగానే ఉంటుంది. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు పువ్వు - ఈ గుర్తు దాని పక్క మీద అచ్చు వేసి ఉంటుంది.

కానీ లంబసింగికి ఆ టైరు కొనడం దండగ. ఇక్కడ ఏడు డిగ్రీల లోపు చలి ఉండేది తెల్లవారుజామున నాలుగైదు గంటలే. మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. సాయంత్రానికి బండి అనకాపల్లి హైవే మీద ఉంటుంది. ఆ వేడి రోడ్డు మీద మెత్తటి రబ్బరు ఇట్టే అరిగిపోతుంది. పేరుకుపోయిన మంచులో బండి నడిపే కాశ్మీరు, హిమాచల్ కొండల వారి అవసరం వేరు.

ఇక్కడి శత్రువు మంచుగడ్డ కాదు, చెమ్మ. రాత్రంతా కురిసిన మంచుకు రోడ్డు వాన వెలిసినట్టు తడిసి ఉంటుంది. కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్ల కింద అయితే తొమ్మిది, పది గంటలకు గాని ఆరదు. దాని మీద రాలిన ఆకులు, ట్రాక్టర్ల చక్రాలు తెచ్చి పోసిన బురద. ఎదురుగా పొగమంచు. మలుపు కనిపించిన తరువాత బ్రేకు తొక్కితే బండి ఆగాల్సింది టైరు పట్టు మీదే. 2021 ఫిబ్రవరి 12న అనంతగిరి మండలం డముకు వద్ద పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దానికి టైరే కారణమని ఎవరూ అనలేరు. ఘాట్‌లో బండి అదుపు తప్పితే కాసుకోవడానికి జాగా ఉండదన్నది మాత్రం ఆ రోజు అందరూ చూశారు.

అగ్గిపుల్ల పరీక్ష

కారు టైరు మీద బటన్ల మధ్య గాడి 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని మోటారు వాహనాల నిబంధన. మోటారు సైకిళ్ళు, ఆటోలకైతే 0.8 మిల్లీమీటర్లు. కొత్త కారు టైరుకు ఇది సుమారు ఎనిమిది ఉంటుంది. కొలవడానికి పరికరం అక్కరలేదు. కర్ర అగ్గిపుల్ల మందం దాదాపు రెండు మిల్లీమీటర్లు. దాన్ని గాడిలో పడుకోబెట్టండి. రబ్బరు కంటే పైకి తేలిందంటే ఆ టైరు ఆయుష్షు తీరినట్టే. పుల్ల మునిగినంత మాత్రాన ఘాట్‌కు సరిపోతుందని కాదు. చట్టం చెప్పింది ఆఖరి హద్దు. తడి రోడ్డు మీద దిగువకు వచ్చే బండికి అందులో రెట్టింపు లోతైనా ఉంటే నయం.

బటన్లు బాగున్నా రబ్బరు ముసలిదైతే లాభం లేదు. ఏడాదికి నాలుగుసార్లు రోడ్డెక్కి, మిగతా రోజులు షెడ్డులో నిలబడే కార్లకు ఇదే జబ్బు. టైరు పక్కన వరుస అక్షరాల చివర నాలుగంకెలు ఉంటాయి. 3523 అని ఉంటే 2023లో 35వ వారం తయారైందని అర్థం. ఆరేళ్ళు దాటిన టైరు పక్కల్లో సన్నని పగుళ్ళు కనిపిస్తే దాన్ని కొండ ఎక్కించకపోవడమే మంచిది. కొత్తది కొనేటప్పుడు కూడా ధర అడిగే ముందు ఈ అంకెలు చూడాలి. దుకాణంలో రెండేళ్ళు మగ్గిన సరుకును కొత్త ధరకు అంటగట్టే వారికి లోటు లేదు.

రెండే కొత్త టైర్లు కొనే స్తోమత ఉంటే వాటిని ముందు వేయించడం ఇక్కడి అలవాటు. కారు విషయంలో ఇది తప్పు. ముందు చక్రాలు జారితే బండి తిన్నగా పోతుంది, కాలు తీస్తే మళ్ళీ దారికి వచ్చే అవకాశం ఉంది. వెనుక చక్రాలు జారితే మాత్రం బండి గిర్రున తిరుగుతుంది. అందుకే మంచి జత కారుకు వెనుక ఉండాలి. లారీలు, బస్సుల లెక్క వేరు. అక్కడ స్టీరింగు చక్రం పేలితే ఇక అంతే కనుక కొత్తవి ముందుకు, రీబటన్ వేసినవి వెనుకకు వెళతాయి.

ఆ రీబటన్ సంగతి చెప్పుకోవాలి. సంతకు పసుపు, మిరియాలు మోసుకొచ్చే గిరిజనులను ఎక్కించుకునే జీపుల వారికి నాలుగు కొత్త టైర్లంటే మాటలు కాదు. సీజను సంపాదనలో పెద్ద ముక్క వాటికే పోతుంది. రీబటన్ మోసమేమీ కాదు. ఆర్టీసీ వారు కూడా తమ టైర్లకు రబ్బరు వేయించుకుని నడుపుతారు. కానీ లోపలి గుడ్డ దెబ్బతినని టైరుకు, సరైన చోట వేయించాలి. గుండు టైరుకు కత్తితో గాళ్ళు కోయించి తెచ్చేది రీబటన్ కాదు. అది ప్రయాణికుల ప్రాణాలతో చెలగాటం. ఒకే ఇరుసుకు ఒక పక్క నైలాను టైరు, రెండో పక్క రేడియల్ బిగించడమూ అంతే.

సోకు చక్రాలు

కారు కొన్న నెలకే పెద్ద అల్లాయ్ చక్రాలు, వెడల్పు టైర్లు వేయించుకునే సరదా పట్నంలో పెరిగింది. చక్రం పెద్దదైతే టైరు పక్క ఎత్తు తగ్గుతుంది. గుంత అంచుకు కొట్టుకున్నప్పుడు ఆ పలుచని పక్క రిమ్ముకు, రోడ్డుకు మధ్య నలిగి తెగుతుంది. ఇనుప డిస్కు వంగితే సుత్తితో సరిచేసి పైకి లాగేయవచ్చు. అల్లాయ్‌కి చీలిక పడితే అక్కడికి సరి. పక్క తెగిన టైరుకు పంక్చరు మందు పనిచేయదు. కొన్ని కార్లలో స్టెప్నీ తీసేసి ఆ మందు డబ్బాయే ఇస్తున్నారు. అలాంటి కారులో చీకటితో ఘాట్ ఎక్కేవారు ముందే ఆలోచించుకోవాలి.

ఇక గాలి. విశాఖలో పగటి ఎండలో 33 పౌండ్లు కొట్టించుకున్న టైరు లంబసింగి తెల్లవారుజాము చలిలో మూడు పౌండ్లకు పైగా కోల్పోతుంది. ప్రతి ఐదారు డిగ్రీల చలికి సుమారు ఒక పౌండు తగ్గుతుందని లెక్క. కొండ మీద బయటి గాలి పలుచన కనుక గేజిలో ఒకటిన్నర పౌండ్లు తిరిగి కనిపిస్తుంది. చివరకు లోటు రెండు పౌండ్లు. అది ఫరవాలేదు. కానీ నెల్లాళ్ళుగా గాలి చూడని కారు కింద నుంచే ఐదు పౌండ్లు తక్కువతో బయలుదేరితే, అయిదుగురు మనుషులు, సామాను బరువుతో మలుపుల్లో టైరు పక్కకు ఒరుగుతుంది. గాలి చూడవలసింది బయలుదేరే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు. తలుపు పక్కన అంటించిన కాగితంలో ఎంత ఉండాలో రాసి ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం ఘాట్ దిగి నర్సీపట్నంలో గేజి పెట్టించిన వారికి మూడు, నాలుగు పౌండ్లు ఎక్కువ కనిపిస్తాయి. అది బ్రేకుల వేడి, రోడ్డు వేడి. కంగారుపడి గాలి తీయించకూడదు. తీయిస్తే మర్నాడు ఉదయానికి టైరు మళ్ళీ మెత్తబడి కూర్చుంటుంది.