కాళ్లు మూడా... ఐదా?

కొత్త బొమ్మ కిట్ వస్తోందంటే ఎవరైనా అడిగేది ధర. సైన్స్ ఫిక్షన్ నౌకల్ని ముక్కముక్కగా అతికించి కట్టే సరదా ఉన్నవాళ్లు మాత్రం 'కాళ్లెన్ని?' అంటారు!

'స్టార్ వార్స్'లోని మిలీనియం ఫాల్కన్ సంగతే చూడండి. 1977 నాటి మొదటి సినిమా కోసం చేసిన అయిదడుగుల నమూనాకి మూడు కాళ్లే. 1980లో వచ్చిన రెండోదానికి మరో రెండు చేర్చారు. 32 అంగుళాల చిన్న నమూనా కూడా చేశారు. కిట్‌ని దేన్ని చూసి చేశారన్నదే తగువంతా.

ఇంకో తమాషా. ఆ నౌక ఒంటినిండా కనిపించే గొట్టాలూ పలకల్లో చాలావరకూ దుకాణాల్లో దొరికే యుద్ధట్యాంకులు, విమానాలు, కార్ల బొమ్మ కిట్లలోవే! ఏ ముక్క ఏ కిట్‌లోదో ఫొటోలు చూసి పోల్చుకుంటారు అభిమానులు. వాటిలో కొన్నిటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. అందుకే చిటికెడు ముక్క కోసం పాత కిట్ మొత్తం కొని, మిగతాది అటకెక్కించేవాళ్లున్నారు. ఇంట్లోవాళ్లు ఏమంటారో వేరే చెప్పాలా!

అంత ఓపిక లేనివాళ్ల కోసం జపాన్ కంపెనీ బండాయ్ 2017లో 1/72 స్కేలు ఫాల్కన్ తెచ్చింది. పొడవు 48 సెంటీమీటర్లు. జిగురు అక్కర్లేదు, ముక్కల్ని నొక్కితే చాలు. 'అదీ ఒక కట్టడమేనా?' అంటారు పాతకాపులు. అంటూనే కొందరు అదే కొని, కొత్త నౌకకి మసీ తుప్పూ దెబ్బల గుర్తులూ దిద్దుతూ వారాలు గడిపేస్తారు.