శాస్త్రం ఆప్తవాక్యమా?

వికారాబాదు చెంత, మూసీనది పుట్టిన అనంతగిరి కొండలలో నిజాం పాలనాకాలంలో ఒక క్షయ చికిత్సాలయం వెలసింది. కొండగాలి, పూర్ణవిశ్రాంతి, పుష్టికరమైన ఆహారం - ఇవి లేనిదే క్షయ కుదరదని ఆ కాలపు వైద్యశాస్త్రం చెప్పినది. ఆ మాటను నమ్మి ఎందరో రోగులు ఆలుబిడ్డలను విడిచి కొండ ఎక్కినారు.

అటు తర్వాత సమర్థమైన మందులు వచ్చినవి. మందులున్నప్పుడు కూడా కొండగాలి తప్పనిసరియేనా అన్న ప్రశ్న పుట్టినది. 1956లో మద్రాసులో నెలకొన్న క్షయ పరిశోధనకేంద్రం పేద రోగులను చీట్లు వేసిన రీతిగా రెండు జట్లు చేసి, ఒక జట్టును శానిటోరియంలోను, రెండవ జట్టును వారి ఇండ్లలోను ఉంచి, ఏడాదిపాటు ఒకే మందులు ఇచ్చినది. ఇంటనున్నవారికి తిండీ తక్కువే, విశ్రాంతీ తక్కువే. అయినను 1959లో వెలువడిన ఫలితాలలో ఉభయులకూ స్వస్థత ఇంచుమించు సమానంగానే కనబడినది. ఇంటనున్న రోగుల వలన కుటుంబీకులకు వ్యాధి అధికంగా సోకలేదని కూడా తరువాతి పరిశీలనలో తేలినది.

“నిన్న ఒకటి, నేడు ఒకటి చెప్పే శాస్త్రాన్ని నమ్మడమెట్లా?” అని కొందరు అడుగుతారు. నిన్నటి మాటను సరిదిద్దినది ఎవరి వదంతీ కాదు. అంతకంటె కట్టుదిట్టమైన పరీక్ష. మన తార్కికులు ప్రత్యక్షం, అనుమానం, ఆప్తవాక్యం వేరువేరు ప్రమాణాలన్నారు. శాస్త్రానికి బలం మొదటి రెండింటిలో ఉన్నది. దానిని ఆప్తవాక్యంగా పూజించడమే చిక్కు. 1882లో క్షయక్రిమిని లోకానికి చూపిన రాబర్ట్ కాక్ 1890లో ట్యూబర్క్యులిన్ రోగాన్ని కుదర్చగలదని ప్రకటించగా, ఆయన పేరు చూచి లోకం నమ్మినది. అది రోగాన్ని కుదర్చలేదు. రోగనిర్ణయానికి మాత్రం పనికివచ్చినది.

శాస్త్రమే సర్వస్వమనేవారు మరొకటి మరచుచున్నారు. ఈనాడు తాండూరు నాపరాతి గనిలో పనిచేసే కూలికి క్షయ సోకితే, సర్కారు దవాఖానాలో ఉచితంగా ఇచ్చే మాత్రలతో సాధారణంగా ఇంటనే కోలుకోవచ్చును. మాత్రలు నడుమ మానరాదని, క్రమంగా వాడితే అంటు తగ్గుతుందని శాస్త్రం చెప్పగలదు. ఊరివారు వానిని అరుగు మీదికి పిలుస్తారా, వాని కూతురికి సంబంధం తప్పిస్తారా అన్నది ఏ పరీక్షా తేల్చదు. అది మన ధర్మబుద్ధి తేల్చవలసినది. అయితే ఆ ధర్మబుద్ధికి మొదట నిజం తెలిసి ఉండాలి. ఆ నిజం చెప్పడం శాస్త్రం వంతు.