పౌండ్లు మార్చాను... హార్స్‌పవర్ మర్చిపోయాను!

మా అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ చూసుకునే అన్న మీద ఈ ఎండాకాలం డీజిల్ దొంగ అన్న ముద్ర పడబోయింది. కారణం నేను తయారుచేసిన ఎక్సెల్ షీట్. అందులో తప్పు ఒకే ఒక్క గడిలో ఉంది.

కరెంటు కోతలు ఎక్కువై డీజిల్ ఖర్చు పెరిగింది. ‘సాఫ్ట్‌వేర్ కదా, నువ్వే లెక్క తేల్చు బాబూ’ అంటూ అసోసియేషన్ ట్రెజరర్ అంకుల్ లాగ్‌బుక్ నా చేతిలో పెట్టారు. రెండు నెలల్లో జనరేటర్ ఇచ్చింది 1,000 యూనిట్లు. తాగిన డీజిల్ 290 లీటర్లు. మరి ఎంత తాగాలి? ఇంజిన్ బ్రోచర్ తిరగేశాను. అమెరికా డిజైన్ కావడంతో ‘హార్స్‌పవర్-అవర్‌కి 0.35 పౌండ్లు’ అని ఉంది.

పౌండ్ అంటే 453.6 గ్రాములు. 0.35తో గుణిస్తే 159. ‘కిలోవాట్-అవర్‌కి 159 గ్రాములు’ అని షీట్‌లో టైప్ చేసేశాను. లీటరు డీజిల్ బరువు 840 గ్రాములు, ఆల్టర్నేటర్ సామర్థ్యం 90 శాతం అనుకుంటే, 1,000 యూనిట్లకు 210 లీటర్లు చాలు. అంటే 80 లీటర్లు మాయం! లీటరు 95 రూపాయలు వేసుకున్నా 7,600 రూపాయలు. వాట్సాప్ గ్రూప్‌లో షీట్ పెట్టిన పది నిమిషాల్లోనే ‘ఆపరేటర్‌ని పిలిచి అడగండి’ అన్న మెసేజ్‌లు మొదలయ్యాయి.

ఆ అన్న వచ్చి ఒక్కటే మాట అన్నాడు. ‘‘పదేళ్ల నుంచి ఈ ఇంజిన్‌తోనే ఉన్నా సార్. లీటరుకి మూడున్నర యూనిట్లు వస్తే గొప్ప. మీ కాగితంలో దాదాపు అయిదు వస్తున్నాయి. అలాంటి జనరేటర్ ఎక్కడైనా ఉంటే చూపించండి.’’

మళ్లీ సిస్టమ్ ముందు కూర్చున్నాను.

పైన మారింది, కింద మారలేదు

ఇంధన వినియోగం అనేది రెండంతస్తుల యూనిట్. పైన బరువు, కింద శక్తి. నేను పైనున్న పౌండ్లను గ్రాములు చేశాను. కిందున్న హార్స్‌పవర్-అవర్‌ని ముట్టుకోకుండా దానికి కిలోవాట్-అవర్ అని పేరు మాత్రం మార్చాను.

ఒక హార్స్‌పవర్ అంటే 0.7457 కిలోవాట్లు. అంటే కిలోవాట్ కంటే చిన్నది. చిన్న పనికే 159 గ్రాములు తాగిన ఇంజిన్ పెద్ద పనికి ఇంకా ఎక్కువ తాగాలి కదా! 159ని 0.7457తో భాగించాలి. వచ్చేది 213 గ్రాములు. ఇప్పుడు 1,000 యూనిట్లకు 282 లీటర్లు. లాగ్‌బుక్‌లో ఉన్నది 290. తక్కువ లోడ్‌లో నడిచినప్పుడు యూనిట్‌కి డీజిల్ కొంచెం ఎక్కువే పడుతుంది కాబట్టి ఆ ఎనిమిది లీటర్ల తేడా పెద్ద విషయం కాదు. దొంగతనం జరగలేదు. జరిగింది నా తొందరపాటు.

గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఒక్కటే. పౌండ్స్ పర్ హార్స్‌పవర్-అవర్‌ని 608.3తో గుణిస్తే గ్రామ్స్ పర్ కిలోవాట్-అవర్ వస్తుంది. ఇది ఆకాశం నుంచి ఊడిపడింది కాదు, 453.6ని 0.7457తో భాగిస్తే వచ్చిందే. బాయిలర్ల లెక్కల్లో కనిపించే ‘పది లక్షల బీటీయూలకు ఇన్ని పౌండ్లు’ కూడా ఇలాంటిదే. 0.43తో గుణిస్తే గిగాజౌల్‌కి ఎన్ని కిలోలో వస్తుంది.

ఇంకో చిన్న మెలిక ఉంది. బైకులు, కార్ల స్పెక్స్‌లో ‘పీఎస్’ అని చూస్తుంటాం. అది మెట్రిక్ హార్స్‌పవర్, 735.5 వాట్లు. ‘బీహెచ్‌పీ’లో లెక్కేసే హార్స్‌పవర్ 745.7 వాట్లు. తేడా ఒకటిన్నర శాతం లోపే అయినా రెండూ ఒకటి కావు.

ముందే పట్టుకునే దారి

నా తప్పు ముందే తెలిసే అవకాశం ఉంది. కిలో డీజిల్‌లో దాదాపు 43 మెగాజౌల్‌ల శక్తి ఉంటుంది. ఒక కిలోవాట్-అవర్ అంటే 3.6 మెగాజౌల్‌లు. అంటే చుక్క కూడా వృథా చేయని ఇంజిన్ ఉన్నా, యూనిట్‌కి 84 గ్రాములు తాగాల్సిందే. ఈ 84ని 213తో భాగిస్తే సామర్థ్యం 39 శాతం. మంచి డీజిల్ ఇంజిన్‌కి సరిపోయే అంకె. అదే 159తో భాగిస్తే 53 శాతం. సముద్రాల మీద తిరిగే భారీ ఓడల ఇంజిన్లే 50 శాతం దగ్గర ఉంటాయి. మా సెల్లార్‌లో జనరేటర్ వాటిని మించిపోతుందా? ఈ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే గ్రూప్‌లో ఆ షీట్ పెట్టేవాణ్ని కాదు.

ఆకాశంలో ఇదే తప్పు

ఇలాంటి పొరపాటే 1983 జులై 23న కెనడాలో ఓ విమానాన్ని గాల్లో ఆపేసింది. ఎయిర్ కెనడా 143వ ఫ్లైట్, కొత్త బోయింగ్ 767. ఆ దేశం అప్పుడే మెట్రిక్ పద్ధతికి మారుతోంది. ప్రయాణానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. ట్యాంకుల్లోని లీటర్లను బరువులోకి మార్చేటప్పుడు 1.77 అనే అంకె వాడారు. అది లీటరుకి పౌండ్లు. కిలోల్లో అయితే 0.8 వాడాలి. అలా కావాల్సినదాంట్లో సగం కంటే తక్కువ ఇంధనంతో విమానం ఎగిరింది. దారిలో రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. పైలట్లు దాన్ని గ్లైడర్‌లా దించుకుంటూ గిమ్లీ అనే ఊళ్లోని పాత ఎయిర్‌బేస్‌లో దింపారు. అందులోని 69 మందీ బతికారు. అక్కడా అంకె సరైనదే, దాని పక్కనున్న యూనిట్‌ని ఎవరూ అడగలేదు.

అందుకే ఇప్పుడు కోడ్‌లో అయినా, షీట్‌లో అయినా కాలమ్ పేరు ‘ఫ్యూయల్’ అని వదిలేయను. ‘ఫ్యూయల్, గ్రామ్స్ పర్ కిలోవాట్-అవర్’ అని పూర్తిగా రాస్తాను. చూడ్డానికి పొడుగే, కానీ నన్ను కాపాడుతుంది.

సరిచేసిన షీట్ అదే గ్రూప్‌లో పెట్టి, తప్పు నాదేనని రాశాను. తర్వాత సెల్లార్‌కి వెళ్లి ‘సారీ అన్నా’ అన్నాను. ఆయన నవ్వి, ‘‘పర్లేదు సార్. వచ్చే నెల లెక్క వేసే ముందు నన్ను ఒక మాట అడగండి’’ అన్నాడు. అడుగుతున్నాను.