చచ్చిన ఆవుకు సాక్ష్యం

పశువులను 'సొమ్ములు' అని పిలిచే అలవాటు మన పల్లెల్లో కొన్నిచోట్ల నేటికీ ఉన్నది. క్లాసులో ఈ మాట వస్తే పట్నవాసపు పిల్లలు నవ్వుతారు. ఇంగ్లీషులో పశువులను చెప్పే 'కాటిల్' అనే మాటా, మూలధనాన్ని చెప్పే 'కాపిటల్' అనే మాటా ఒకే మూలంనుంచి పుట్టినవంటే ఆశ్చర్యపోతారు. మరి ఆ సొమ్ము రెండు రోజుల్లో తుడిచిపెట్టుకుపోతే ఆదుకునేవారెవరు? అమెరికాలోని దక్షిణ డకోటా పశుపాలకులకు 2013 అక్టోబరులో ఈ ప్రశ్నే ఎదురైంది.

ఆ రాష్ట్రపు పడమటి భాగంలో వందలకొద్దీ ఆవులున్న మందలు ఆరుబయటే మేస్తాయి, ఆరుబయటే పడుకుంటాయి. చలి ముదిరేసరికి వాటికి దట్టమైన బొచ్చు పెరుగుతుంది. యజమానులు వాటిని గాలిచాటు తావులకు తోలుకువస్తారు. ఆ ఏడు ఈ రెండూ జరగకముందే, అక్టోబరు 3 నుంచి 5 వరకు మంచుతుపాను విరుచుకుపడింది. ముందు చల్లని వాన పశువులను తడిపింది. ఆ పైన గంటకు సుమారు 70 మైళ్ళ వేగంతో వీచే గాలిలో మంచు కురిసింది. కొండప్రాంతంలో కొన్నిచోట్ల నాలుగడుగులు దాటింది. గాలికి వీపుపెట్టి నడిచిన మందలు మైళ్ళదూరం పోయి, వాగుల్లో, కంచెల వారన గుట్టలుగా పడి చచ్చాయి. పోయినవి పదివేలకు పైమాటే. వాటిలో అమ్మకానికి ఎదిగిన దూడలున్నాయి, వసంతంలో ఈనవలసిన సూడి ఆవులున్నాయి. అంటే ఈ ఏటి రాబడీ, వచ్చే ఏటి ఆశా ఒక్కసారే పోయినవన్నమాట.

ఇటువంటి నష్టానికి పరిహారమిచ్చే పథకం 2008 నాటి వ్యవసాయ చట్టంలో ఉండేది. కాని దాని గడువు 2011 సెప్టెంబరు 30తో తీరిపోయింది. కొత్త చట్టం వాదోపవాదాల్లో చిక్కుకున్నది. పైగా బడ్జెటు తగవువల్ల అక్టోబరు 1 నుంచి 16 వరకు అక్కడి కేంద్రప్రభుత్వ కార్యాలయాలు చాలావరకు మూతపడ్డాయి. గోడు చెప్పుకుందామంటే వ్యవసాయశాఖ ఆఫీసుకు తాళం!

పథకం నేడు లేకపోయినా రేపు రావచ్చు, లెక్కమాత్రం భద్రం చేసుకోండని తెలిసినవారు సలహా చెప్పారు. చెవులకున్న బిళ్ళలు చూసి ఏ కళేబరం ఎవరిదో పోల్చుకోవాలి, ఫొటోలు తీయాలి, పశువైద్యులచేత రాయించుకోవాలి. పాతిపెట్టడానికి పెన్నింగ్టన్ కౌంటీలో పెద్ద గోతులే తవ్వించారు. పురుడు పోసి పెంచిన చేతులతోనే చావుల జాబితా రాయడమంటే ఎంత కష్టమో ఊహించండి.

చివరకు 2014 ఫిబ్రవరి 7న కొత్త చట్టం వచ్చింది. 2011 అక్టోబరు నుంచి జరిగిన నష్టాలకు దానిని వర్తింపజేసి, పథకానికి ఇక గడువు లేకుండా చేశారు. ఏప్రిల్ 15నుంచి దరఖాస్తులు తీసుకున్నారు. మామూలుగా ఏటా చచ్చేవాటిని మినహాయించి, తక్కినవాటికి సగటు బజారు ధరలో నూటికి 75 వంతులు ఇవ్వాలని నియమం. నాడు కన్నీళ్ళు దిగమింగి తీసిన ఫొటోలే నేడు సాక్ష్యమైనవి.

ఈలోగా గడిచిన ఆరు నెలలు? మోంటానా మొదలైన రాష్ట్రాల పశుపాలకులు తమ మందల్లోని సూడి పెయ్యలను ట్రక్కుల కెక్కించి పంపారు. ఎందరో చందాలిచ్చారు. ప్రభుత్వం వచ్చేవరకు ఇరుగుపొరుగే ప్రభుత్వమైనది. కాని ఇరుగుపొరుగు దయ ఎంత గొప్పదైనా అందరికీ అందదు. విపత్తు వచ్చాక చట్టం కోసం వెతుక్కోవడం కంటె, చట్టం ముందే సిద్ధంగా ఉండటం మేలు. ఆలస్యంగా వచ్చిన డబ్బు అప్పు తీరుస్తుందేమోకాని, ఆ చలికాలపు నిద్రలేని రాత్రులను తీర్చలేదు.

మరొక్క మాట. సూడి ఆవు చస్తే పోయినవి రెండు ప్రాణాలని మన పల్లెల్లో ఏ ఇల్లాలైనా చెబుతుంది. నాటి నియమంలో మాత్రం లెక్క ఒక్కటే. 2025 జూలైలో చేసిన చట్టంలో కడుపులోని దూడకు కూడా కొంత పరిహారం చేర్చారు. ఇల్లాలికి ఎప్పుడో తెలిసిన లెక్క చట్టానికి తెలియడానికి ఇన్నాళ్ళు పట్టింది!