గోధుమపిండి యేల నల్లబడును?

రాత్రి కలిపి మూతవేసి యుంచిన గోధుమపిండి తెల్లవారునప్పటికి పైన నల్లబడియుండుట మనమందఱము చూచినదే. పిండి పాతదనియో, చేతులు సరిగా కడుగలేదనియో కలిపిన పిల్లను కసరుటయు మన యిండ్లలో వినుచున్నాము. పులిసిన వాసన యున్నచో అది వేఱు సంగతి. లేనిచో ఆ నింద చాలవఱకు అన్యాయము. దోషము గింజ పుట్టుకలోనే యున్నది.

వంకాయను కోసి విడిచినచో ముక్కలు నల్లబడును. అందుచేతనే తల్లులు వానిని ఉప్పునీటిలో వేయుదురు. కాయలోని పాలిఫినాల్ ఆక్సిడేజ్ అను ఎంజైము, గాలిలోని ఆమ్లజని సాయముతో, ఫినాలు పదార్థములను నల్లని రంగుగా మార్చును. ఎంజైమనగా జీవకణములలో రసాయనిక మార్పులను త్వరపెట్టు మాంసకృత్తు. గోధుమలోను ఇట్టిదే కలదు. అది ముఖ్యముగా తవుడు పొరలలో నుండును గనుక మైదాకంటె ముడిపిండి యెక్కువ నల్లబడును.

అయితే అన్ని గోధుమలును ఒక్కరీతిగా నల్లబడవు. ఇందులకు కారణము వంశము. సుమారు పదివేల యేండ్ల క్రిందట పశ్చిమాసియా రైతులు సాగులోనికి దెచ్చిన ఎమ్మర్ గోధుమలో ఎ, బి అను రెండు వంశములు కలిసి 28 క్రోమోజోములున్నవి. (మహారాష్ట్రమునను ఉత్తర కర్ణాటకమునను పండు ఖప్లీ గోధుమ యీ జాతిదే.) పిమ్మట కాస్పియన్ సముద్రప్రాంతమున ఏజిలాప్స్ అను అడవిగడ్డి తనంతట తానే దీనితో సంకరమై, డి వంశపు 14 క్రోమోజోములను చేర్చెను. మనము రొట్టెలు చేసికొను సామాన్య గోధుమకు 42 ఇట్లు కలిగినవి. ఈ గడ్డిని 1944లో జపానులో కిహారాయు, అమెరికాలో మెక్‌ఫాడెన్, సియర్సులును గుర్తించిరి.

ఎంజైమును శాసించు జన్యువులలో ముఖ్యమైనవి రెండు. ఒకటి ఎ వంశపు రెండవ క్రోమోజోముపైనను, మఱొకటి డి వంశపు రెండవదానిపైనను ఉన్నవి. పూర్వపు రైతు వెన్నునుండి రాలని గింజను, లావుపాటి గింజను కంటితో చూచి యేరుకొనెను. కంటికి కానరాని యీ గుణము మాత్రము అతని చేతినుండి జారిపోయెను.

నేటివారికి ఉపాయములున్నవి. గింజలను ఫినాలు ద్రవములో నానవేసినచో ఎంజైము హెచ్చుగానున్నవి కొన్ని గంటలలో నల్లబడును. 2005, 2007 సంవత్సరములలో చైనా పరిశోధకులు ఈ రెండు జన్యువులకును గుర్తులను ప్రకటించిరి; ఇప్పుడు ఆకు తునక చాలును. ఒక రకములో ఎ జన్యువు బలహీనము, వేఱొకదానిలో డి జన్యువు బలహీనము అనుకొందము. రెంటిని సంకరపఱచి, గుణములు స్థిరపడువఱకు పెంచినచో, నాలుగింట ఒకపాలు సంతతికి రెండును బలహీనముగా దొరకును. తక్కిన మూడుపాళ్లను విడువవలసినదే.

అట్టి గోధుమ మన సంచిలో నున్నదో లేదో అంగడివాడు చెప్పలేడు. పిండిముద్దపై కొంచెము నూనె రాచి, గాలి తగులకుండ మూతబెట్టి, చల్లనిచోట నుంచినచో నలుపు కొంత తగ్గును.